నాలుగు మెషీన్ల కామరాజు

కామరాజు దగ్గర వీడియో గేమ్ కొనడం తేలికే, కొన్నాక అక్కణ్ణించి బయటపడటమే కష్టం. మీరు ఏ ఆట అడిగినా సరే, అదే ఆట మిగతా మెషీన్లలో ఎలా ఉంటుందో మొదట్నుంచి చివరిదాకా చెప్పనిదే ఆయన డిస్కు మీ చేతిలో పెట్టడు. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపడు. ఎవరైనా ఆపితే, ఎక్కడిదాకా చెప్పాడో మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి అందుకుంటాడు.

మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా, టైలరు కొట్టు పక్కనున్న మెట్లెక్కితే పైన ఉంటుంది ఆయన షాపు. 'శ్రీసత్య వీడియో గేమ్స్ - పాతవి కొనబడును, అమ్మబడును' అని బోర్డు. 'ఓపిక ఉన్నవారు మాత్రమే పైకి రావలెను' అని కూడా రాయించి ఉండాల్సిందని కింద టైలరు అంటాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి చిల్లర కోసం పైకెక్కి, గంటన్నర తర్వాత చిల్లర లేకుండానే దిగాడట. ఇంట్లో ఒక్క మెషీనూ లేని ఆ పెద్దమనిషికి ఇప్పుడు నాలుగు మెషీన్ల సంగతీ తెలుసు. మళ్ళీ ఆయన ఆ వీధిలో కనపడలేదు.

అన్ని ఆటల్లోనూ సూపర్ హీరో సినిమాల ఆటలంటే కామరాజుకి ప్రాణం. సినిమా విడుదలైన రోజే ఆటా విడుదల కావాలి. అంచేత పెద్ద మెషీనుకి ఒకరిచేత, చిన్న మెషీనుకి ఇంకొకరిచేత ఆదరాబాదరాగా తయారుచేయిస్తారు. పెళ్ళివంటకి ఒకే జాబితా రాసి నలుగురు వంటవాళ్ళకి పంచినట్టన్నమాట. అందరూ వండేది పప్పుచారే. ఒకడు ఉప్పు మరిచిపోతాడు, ఇంకొకడు పప్పే మరిచిపోతాడు.

"అట్ట మీద బొమ్మ ఒకటే బావూ, లోపల ఆట వేరు," అంటాడు కామరాజు. ఆ మాటతోనే ఆయన ప్రసంగం మొదలవుతుంది. అది చెవిన పడగానే మద్దిలపాలెం కుర్రకారు కాళ్ళు మెట్లవైపు తిరుగుతాయి.

ఆ ఆటల్లో కూడా ఆయనకి ఇష్టదైవం 'ఉడుం మనిషి'. పన్నెండేళ్ళ కిందట డబ్బింగయి వచ్చిన సినిమా అది. లేబొరేటరీలో ఉడుము కరిచిన ఒక అబ్బాయి గోడలెక్కుతాడు, పట్టుకున్నది వదలడు. ఉడుంపట్టంటే ఏమిటో తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు గనక ఇక్కడ బాగానే ఆడింది. ఆ సినిమా ఆట నాలుగు రకాల మెషీన్లకి వచ్చింది. వాటికి కామరాజు తన సొంత పేర్లు పెట్టుకున్నాడు. బొటనవేళ్ళతో నొక్కుతూ ఆడేది బటన్ల మెషీను. చిన్న కర్రలాంటిది చేత్తో పట్టుకుని ఊపుతూ ఆడేది కర్ర మెషీను. చేతిలో ఏమీ లేకుండా మన ఒళ్ళు చూసి ఆడించేది కెమెరా మెషీను. జేబులో పట్టేది బుల్లి మెషీను.

"ఇనుకో. బటన్ల మెషీన్లో గడియారం టవరుకి పన్నెండంతస్తులు. కర్ర మెషీన్లో తొమ్మిది. బుల్లి మెషీన్లో మూడే మూడు. మిగతావి మబ్బులెనకాల ఉన్నాయనుకోవాల."

"విలన్ ఒకడే కదా బాబాయ్?" అంటాడు బేరానికొచ్చిన కుర్రాడు.

"ఎక్కడొకడు? సినిమాలో ఇసం గేసు డాక్టరు. బుల్లి మెషీన్లో ఇసం కుక్క. ఆ ఆట సేసినోడికి సినిమా ఎవుడూ సూపించనేదు. ఆడు మాత్రం ఏటి సేత్తాడు?"

కర్ర మెషీనులో హీరోయిన్ అసలు లేదు. ఆవిడ ఊరెళ్ళిందని ఒక ముక్క రాసి పడేశారు. కెమెరా మెషీనులో హీరోయినుకీ విలనుకీ ఒకే మొహం, జుట్టు మాత్రం వేరు. ఇవన్నీ కామరాజు రెండొందల పేజీల నోటుబుక్కులో బొమ్మలతో సహా రాసుకున్నాడు. తేడా వెతికే అలవాటు ఆటలతో ఆగితే బాగుండేది. ఆ సినిమాని కూడా ఆయన ఊళ్ళో మూడు హాళ్ళలో చూసి, మూడో హాల్లో ఉడుం మనిషి కొంచెం పొట్టిగా ఉన్నాడని తేల్చాడు. ఇంట్లో చారు బాగుందా అని భార్య అడిగితే బాగుందని ఏనాడూ అనలేదట. వాళ్ళ పుట్టింటి చారుకీ దీనికీ తేడా ఏమిటో చెబుతాడట. ఆవిడ అడగడం మానేసి ఇరవయ్యేళ్ళయింది.

ఈ ప్రసంగాలన్నీ మోహన్‌కి తొమ్మిదో తరగతి నుంచీ కంఠతా వచ్చు. మోహన్ ఇప్పుడు ఫిషింగ్ హార్బర్లో ఒక ఐస్ ప్లాంటులో పనిచేస్తున్నాడు. చదువుకునే రోజుల్లో వాళ్ళింట్లో ఏ మెషీనూ లేదు, అయినా రోజూ బడి వదలగానే ఆ మెట్లెక్కేవాడు. కామరాజు అతన్ని కూర్చోబెట్టి "ఒరే, ఈ నాలుగింట్లోనూ టవరెక్కి కిటికీలు లెక్కెట్టు" అని పని అప్పగించేవాడు. దమ్మిడీ ఇవ్వకుండా చాకిరీ చేయించుకుంటున్నాడని మోహన్‌కి ఆ రోజుల్లో కొంచెం కోపం కూడా ఉండేది. పెద్దయ్యాక ఆ వీధిలోంచి వెళ్ళాల్సివస్తే తల వంచుకుని, రోడ్డుకి అవతలి పక్కనుంచి వెళ్ళేవాడు.

అలాంటి మోహన్ కావాలని ఆ మెట్లెక్కాల్సి వచ్చింది. కారణం అతని బావ గంగరాజు భుజం.

గంగరాజు మరబోటు డ్రైవరు. పదిహేనేళ్ళుగా అదే బోటు, అదే స్టీరింగు. మార్చిలో వల లాగుతుండగా తడి మీద కాలు జారి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతికింది గాని, నెల రోజులు కట్టులో ఉన్న చెయ్యి కట్టు విప్పాక పైకి లేవనంది. ఛాతీ దాకా వచ్చి ఆగిపోయేది. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా ఎలాగూ వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. బోటు ఓనరు ఆ గడువే పెట్టాడు.

"బ్యాన్ ఆఖరి రోజు పూజ సేత్తాం కదా, అక్కడ సెయ్యి తలకాయ మీదకెత్తి సూపించు గంగరాజూ. లేసిందా, తాళం నీది. లేవనేదనుకో, ఈ ఏడాదికి ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాను. నాను సెడ్డోణ్ణి కాదు. సముద్రం మీద ఎనిమిది మంది పేణాలు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గాలివాన వస్తే పైన కడ్డీ పట్టుకు నిలబడాలి, ఎవరైనా విసిరిన తాడు అందుకోవాలి. స్టీరింగు పోతే గంగరాజుకి ఇంకో పని కూడా లేదు. ఆ చేత్తో వల లాగలేడు.

సీతమ్మధారలో ఫిజియోథెరపీ చేసే అనూరాధ మేడమ్ తేలికైన వ్యాయామమే చెప్పింది. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లమెల్లగా పైకి పాకించాలి. ఎంతదాకా పాకిందో రోజూ సుద్దముక్కతో గీత పెట్టాలి. గంగరాజు రెండు రోజులు పాకించాడు. మూడోరోజు సుద్దముక్క పారేశాడు.

"గోడలెక్కడానికి నానేటి బల్లినా?" అన్నాడు.

"సెయ్యి లేవకపోతే బోటు పోద్ది కదయ్యా," అంది అతని భార్య, మోహన్ అక్క దుర్గ.

"అదే లేస్తాది," అన్నాడు గంగరాజు, ఆ చెయ్యి వేరే ఎవరిదో అయినట్టు. పన్నెండు రోజులు గడిచినా గోడ మీద గీత ఛాతీ దగ్గరే ఉంది. దుర్గ తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చింది.

మోహన్ వెళ్ళి అనూరాధని అడిగాడు. "మీ బావగారికి నొప్పి కంటే సిగ్గు ఎక్కువ," అంది ఆవిడ. "వ్యాయామం అంటే చెయ్యరు. ఆట అంటే చేస్తారేమో. చేతులు ఎత్తి ఆడే వీడియో గేములుంటాయి కదా, అలాంటిది దొరుకుతుందేమో చూడండి."

ఎక్కడ దొరుకుతుందో మోహన్‌కి తెలుసు. అక్కడ ఎంతసేపు వినాలో కూడా తెలుసు.

మర్నాడు ఆ మెట్లెక్కుతూ, ముందే అంతా చెప్పేస్తే ప్రసంగం తగ్గుతుందని ఆశపడ్డాడు. గంగరాజు పడటం, భుజం, ఓనరు మాట, అనూరాధ సలహా అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, "ఉడుం మనిషి కావాలి బాబాయ్. సెయ్యెత్తి ఆడేది. ఏ మెషీనైనా పరవానేదు," అన్నాడు.

'ఏ మెషీనైనా' అన్న మాట ఆ షాపులో బూతుతో సమానం.

"ఏదైనా ఏటిరా? మందుల షాపుకెల్లి ఏదో ఒక మాత్తర ఇయ్యమంటావేటి?" అని కామరాజు నోటుబుక్కు తీశాడు. "ఏ సెయ్యి?"

"కుడి."

"ఎంతదాకా లేస్తంది?"

"ఇదిగో, ఇక్కడిదాకా."

"నిలబడి ఆడతాడా, కూకునా? టీవీ ఎంత ఎత్తులో ఉంది? ఓడిపోతే నవ్వుతాడా, అలుగుతాడా? కోపమొత్తే సేతిలో ఉన్నది ఇసురుతాడా?"

"పెళ్ళి సంబంధానిక్కూడా ఇన్ని అడగరు బాబాయ్. ఇసురుతాడు."

"ఇసురుతాడు," అని రాసుకున్నాడు కామరాజు. "ఆ మేడమ్ ఎక్కడ కూకుంటాది? సీతమ్మధారేనా? సరే. రేపు రా."

మర్నాడు వెళ్తే మళ్ళీ రేపు రమ్మన్నాడు. మూడోరోజు వెళ్తే షాపు తాళం వేసి ఉంది. "తువ్వాలుతో సెయ్యి మెడకి కట్టుకుని పొద్దున్నే ఎక్కడికో ఎల్నాడు," అని చెప్పాడు టైలరు. మధ్యాహ్నం దాకా మోహన్ మెట్ల మీద కూర్చున్నాడు. చివరికి కామరాజు నిజంగానే కుడిచెయ్యి తువ్వాల్లో వేలాడేసుకుని ఆటో దిగాడు.

"ఏటయింది బాబాయ్?"

"ఏటీ అవనేదు. తేడా సూత్తన్నాను."

ఇక్కడ బావ బతుకు తెల్లారిపోతుంటే ఈయన తేడాలు చూసుకుంటున్నాడని మోహన్‌కి ఒళ్ళు మండింది. పాత పరిచయం గనక తిట్టకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నాలుగోరోజు కామరాజు కర్ర మెషీను, డిస్కు, వాటితోపాటు నాలుగు పేజీల కాగితం ఇచ్చాడు. మొదటి వారం రెండో అంతస్తు దాటకూడదు, ఆట ఆటకీ మధ్య మంచినీళ్ళు తాగాలి అంటూ వరసగా రాసి ఉంది. అద్దె ఎంతని అడిగితే, "తేడా రాసి పట్టుకురా, అదే అద్దె," అన్నాడు.

గంగరాజు మొదటిరోజు సిగ్గుపడ్డాడు. రెండోరోజు తలుపేసుకుని ఆడాడు. నాలుగోరోజుకి దుర్గ అన్నం తినమని మూడుసార్లు పిలవాల్సి వచ్చింది. టవరు రెండో అంతస్తు, మూడో అంతస్తు, అయిదో అంతస్తు... పదిహేను రోజులు తిరిగేసరికి తొమ్మిదో అంతస్తెక్కి గడియారం ముల్లు పట్టుకుని వేలాడాడు. ఇంట్లో పండగే పండగ. గంగరాజు తల్లి జోగమ్మ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. మోహన్ టీవీ తెరని ఫోటో తీసుకుని మద్దిలపాలెం పరిగెత్తాడు.

కామరాజు ఆ ఫోటో కళ్ళద్దాలకి ఆనించి చూశాడు. మొహం నల్లబడింది.

"తొమ్మిదో అంతస్తుకి సెయ్యి సెవి దాటాల. మీ బావది సెవి దాటిందా?"

"దాటే ఉంటాది కదా?"

"నువ్వు సూసినావా? ఏ సేత్తో ఆడతన్నాడ్రా?"

మోహన్ ఇంటికి ఫోన్ చేశాడు. దుర్గ తలుపు సందులోంచి తొంగిచూసి వచ్చి, సన్నటి గొంతుతో చెప్పింది. ఎడమచేత్తో. మొదటిరోజు నుంచీ ఎడమచేత్తోనే. కర్ర ఏ చేతిలో ఉందో ఆ మెషీనుకేం తెలుసు? గంగరాజు ఎడమభుజం ఇప్పుడు వస్తాదు భుజంలా ఉంది. కుడిచెయ్యి ఎక్కడున్నది అక్కడే.

"నొప్పెడతంది, ఏటి సేయమంటావ్?" అన్నాడు గంగరాజు, మోహన్ వెళ్ళి నిలదీస్తే. "ఆట గెలిస్తే మీరంతా సంబరపడతన్నారు. మద్దిలో ఆపలేకపోయాను." ఆ మాటంటూ అతను గోడవైపు తిరిగాడు. అంత లావు మనిషి అలా గోడకి చెప్పుకుంటుంటే మోహన్ తిట్లు మానేసి కర్ర మెషీను డబ్బాలో సర్దేశాడు. నిషేధంలో సగం రోజులు అయిపోయాయి.

మర్నాడు తెల్లవారేసరికి గంగరాజు ఇంటి ముందు కామరాజే ఆటోలో దిగాడు. ఒళ్ళో ఒక డబ్బా, చంకలో నోటుబుక్కు.

"తప్పు నాది," అన్నాడు వస్తూనే. "పిల్లలు అమ్మకి అబద్ధం సెప్తారు, నాన్నకి సెప్తారు. మనిషి తన బుజానికి తనే అబద్ధం సెప్పుకుంటాడని నానేల అనుకుంటాను? ఇది కెమెరా మెషీను. దీని కళ్ళలో దుమ్ము కొట్టలేడు. ఇందులో ఉడుం మనిషి రెండు సేతుల్తోనూ ఎక్కాల. ఒక సెయ్యి ఎత్తి రెండోది ఎత్తకపోతే జారి కింద పడతాడు. అదే బటన్ల మెషీన్లో అయితే..."

"బాబాయ్!"

"సరే, సరే."

కెమెరా మెషీనుకి మనిషి టీవీకి ఆరేడు అడుగుల దూరంలో నిలబడాలి. గంగరాజు ఇంట్లో అంత దూరం వెళ్ళాలంటే గోడ దాటి పక్కింటి వంటగదిలో నిలబడాలి. అప్పుడు మోహన్‌కి తన ఐస్ ప్లాంటు గుర్తొచ్చింది. వేట లేదు గనక మంచు పనీ లేదు, దిమ్మలు పేర్చే గది ఖాళీగా పడి ఉంది. అక్కడ టీవీ పెట్టారు. ఒక్కరోజులో హార్బరంతా పాకింది. వలలు బాగుచేసుకునే వాళ్ళు వలలతో సహా వచ్చి గోడల వెంట కూర్చున్నారు. కామరాజు రోజూ వచ్చి మూల స్టూలు మీద కూర్చుని ఏదో రాసుకునేవాడు. ఈయనకి ఇక్కడ కూడా తేడాల గోలేనని మోహన్ విసుక్కునేవాడు.

అందరి ముందూ గంగరాజు మళ్ళీ బిగుసుకుపోయాడు. ఎడమచెయ్యి ఎత్తేవాడు, కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగేది. తెర మీద ఉడుం మనిషి రెండో అంతస్తు నుంచి జర్రున జారిపోయేవాడు. మూడు రోజులు అదే వరస.

నాలుగోరోజు మధ్యాహ్నం జోగమ్మ వచ్చింది. బ్యాన్ రోజుల్లో ఆవిడ ఎండుచేపలు అమ్ముకుంటుంది. తలమీద తట్ట, దానికి రెండు పక్కలా పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులతో సహా గుమ్మంలో నిలబడి, కొడుకు ఎలా ఆడుతున్నాడో చూస్తోంది. కెమెరా ఆవిణ్ణి చూసింది. చేతులు పైకెత్తిన ఇంకో ఆటగత్తె వచ్చిందనుకుని తెరని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కలో ఇంకో ఉడుం మనిషిని పెట్టింది.

జోగమ్మ కుడిచేత్తో చెమట తుడుచుకుని మళ్ళీ తట్ట పట్టుకుంది. రెండో ఉడుం మనిషి ఒక అంతస్తెక్కాడు. ఎడమచేత్తో కొంగు సర్దుకుని మళ్ళీ తట్ట పట్టుకుంది. ఇంకో అంతస్తెక్కాడు.

"ఓలమ్మో! ఈ బల్లిగుంటడు నాను సేసినట్టే సేత్తన్నాడేటి?" అంది జోగమ్మ.

గది గదంతా లేచి నిలబడింది. "ఎక్కు జోగమ్మప్పా! ఎక్కు!" అని కేకలు. ఏం జరుగుతోందో ఆవిడకి అర్థమయ్యేసరికి నాలుగో అంతస్తులో ఉంది. అర్థమయ్యాక ఊరుకునే రకం కాదు. తట్ట దింపకుండానే ఒక్కో చెయ్యీ మార్చి ఆరో అంతస్తెక్కింది.

"కెమెరా మెషీన్లో ఇద్దరాడొచ్చు," అన్నాడు కామరాజు మూలనుంచి. "మిగతా మూడింట్లో ఈ ఏర్పాటు నేదు." ఈసారి ఎవరూ ఆపలేదు, వినిపించుకునే వాళ్ళుంటే గదా.

గంగరాజు తెర వైపు చూశాడు. అరవయ్యేళ్ళ తల్లి ఆరో అంతస్తులో, పదిహేనేళ్ళుగా బోటు నడిపిన డ్రైవరు రెండో అంతస్తులో. "అమ్మా, ఆగు!" అని అరిచి కుడిచెయ్యి ఎత్తాడు. గడ్డం దాకా వచ్చింది. నొప్పికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఉడుం మనిషి మూడో అంతస్తు అంచు పట్టుకున్నాడు, జారలేదు. "ఈ రోజుకి సాలు, ఇంకెత్తకు!" అని కామరాజు స్టూలు మీంచి లేచి ఇద్దరి మధ్యకొచ్చి నిలబడ్డాడు. కెమెరా ఆయన్ని మూడో ఆటగాడిగా తీసుకోవాలా వద్దా అని తికమకపడి ఆట ఆపేసింది.

ఆ రోజు నుంచి రోజూ తల్లీకొడుకుల పోటీ. మే నెలాఖరుకి గంగరాజు చెయ్యి ముక్కు దాటింది. జూన్ మొదటివారానికి నుదురు దాటింది. మోహన్ అతన్ని తీసుకుని సీతమ్మధార వెళ్ళాడు. అనూరాధ కొలిచి చూసి, ఇంకొక్క వారం ఇలాగే చేస్తే చాలని నవ్వింది. గంగరాజు చొక్కా తొడుక్కుంటుంటే మోహన్‌ని పక్కకి పిలిచింది.

"మీ మాస్టారు రాలేదా?"

"ఏ మాస్టారు మేడమ్?"

"కామరాజు గారు. ఏప్రిల్లో మూడు రోజులు వరసగా వచ్చారుగా. చీటీ రాయించుకుని పొద్దుట్నుంచి లైన్లో కూర్చున్నారు. భుజం నొప్పన్నారు. చూస్తే నా భుజం కంటే ఆయన భుజమే బాగుంది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. మీ బావగారి లాంటి భుజం ఎంత ఎత్తితే మంచిది, ఎంత ఎత్తితే ప్రమాదం, ఒక్కొక్కటీ నాచేత చేయించి చూసుకున్నారు. ఆ ఆటలో ఏ అంతస్తుకి చెయ్యి ఎంత లేస్తుందో తనే చెయ్యి కట్టుకుని ఆడి కొలిచారట. కెమెరా ఆట మొదలయ్యాక రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఎంతదాకా లేచిందో చెబుతారు. నేను రేపటికి ఎంతంటే అంత. నేను చెప్పిన ఎత్తు ఒక్కరోజు కూడా దాటనివ్వలేదు." ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. ఏ అంతస్తుకి చెయ్యి ఎంత ఎత్తాలో వరసగా, కామరాజు చేతిరాతలో. "ఇది కాపీ తీయించి ఇంకో ఇద్దరు పేషెంట్లకి కూడా ఇచ్చాను."

మోహన్ ఆ కాగితం తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చదివాడు.

"ఇంత శ్రమ ఎందుకండీ అని అడిగాను," అంది అనూరాధ. "పిల్లలక్కూడా అంతేనమ్మా అన్నారు. వాడింట్లో ఏ మెషీనుందో, వాడి చెయ్యెంతుందో తెలుసుకోకుండా ఇచ్చేస్తే, ఇంటికెళ్ళి ఆడటం రాక ఏడుస్తాడట. ఆ ఏడుపు మనకి వినపడదు గాని, ఏడుస్తాడు కదా అన్నారు. ఆ తర్వాత, ఇదే వ్యాయామం వేరే ఆసుపత్రిలో ఎలా చేయిస్తారో తేడా చెప్పమని గంటసేపు కూర్చున్నారనుకోండి."

తిరుగు దారిలో గంగరాజు ఏదో మాట్లాడుతున్నాడు గాని మోహన్‌కి వినపడలేదు. 'రేపు రా' అన్న మూడు రోజులూ వరసగా గుర్తొచ్చాయి. వాటి వెనకాలే ఇంకో సంగతి కూడా వచ్చింది. తొమ్మిదో తరగతిలో, ఇంట్లో ఒక్క మెషీనూ లేని కుర్రాడు ఊళ్ళో ఉన్న నాలుగు మెషీన్ల మీదా రోజూ ఆడుకున్నాడు. దాన్ని చాకిరీ అనుకుని, కిటికీలు లెక్కపెట్టి ఆయనకేదో సాయం చేసినట్టు దర్జాగా ఇంటికెళ్ళాడు. మోహన్‌కి సిగ్గేసింది, అంతలోనే నవ్వొచ్చింది. బస్సులో పక్కనున్నావిడ అతన్ని అనుమానంగా చూసి కొంచెం జరిగి కూర్చుంది.

జూన్ పద్నాలుగున జెట్టీ అంతా కొత్త రంగులు, జెండాలు. మర్నాటి నుంచి వేట. బోటు ముందు కొబ్బరికాయ కొట్టాక ఓనరు ఒక మామిడాకుల తోరణం తీసుకొచ్చి గంగరాజు చేతిలో పెట్టాడు. డ్రైవరు గది నెత్తిన మేకుంది, దానికి కట్టాలి. గంగరాజు ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని కుడిచెయ్యి ఎత్తాడు. ఛాతీ దాటింది. గడ్డం దాటింది. నుదురు దాటింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. దుర్గ తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. చెయ్యి మళ్ళీ కదిలి, తల దాటి, మేకు అందుకుని, తోరణం ముడేసింది.

ఓనరు తాళం గంగరాజు జేబులో వేసి, "పొద్దున్న నాలుక్కల్లా వచ్చెయ్యి," అన్నాడు. అంతే. మోహన్‌కి గుండెల మీంచి రెండు నెలల మంచుదిమ్మ దిగినట్టయింది. జోగమ్మ మాత్రం, "నా అంత ఎత్తుకి ఎత్తనేదు," అంది కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

కామరాజు జనం వెనకాల తాళ్ళ కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. మోహన్ వెళ్ళి పక్కన చతికిలబడ్డాడు. థాంక్స్ చెబుదామనుకున్నాడు గాని, ఆ మాట ఆయన ముందు మరీ చిన్నగా అనిపించింది.

"బాబాయ్, ఉడుం మనిషి బుల్లి మెషీన్లో ఎలాగుంటాడో నాకు సరిగ్గా గుర్తు నేదు. సెప్పవా? మొదట్నుంచి సెప్పు. నాకేటీ తొందర నేదు."

కామరాజు అతని మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదని నిర్ధారణ చేసుకోవడానికి కొంతసేపు పట్టింది. ఇన్నేళ్ళలో తనంతట తాను అడిగిన మనిషి మొదటిసారి దొరికాడు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ నోరు తెరిచాడు. మద్దిలపాలెంలో చెబితే ఎవరూ నమ్మరు గాని, ఆ రోజు కామరాజు అయిదు నిమిషాల పాటు ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాడు. జోగమ్మ సాక్షి.